రివ్యూకి నూనె సీసా ఫ్రీ: అనంతపురం వైపు ఒక గానుగ కేసు

ఈ కేసు రాయడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారు. ఊరి పేరు, బ్రాండు పేరు ఎక్కడా రాకూడదన్నది వాళ్ల షరతు, అందుకే మండలం కూడా చెప్పడం లేదు, అంకెల్ని కొంచెం అటూ ఇటూ చేశాను, ఏ మార్కెట్‌ప్లేస్‌లో జరిగిందో కూడా రాయను. నూనె అన్న సంగతి మాత్రం మార్చలేదు. ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఆ నూనె సీసాలోనే ఉంది. అనంతపురం చుట్టుపక్కల చెక్క గానుగలు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి ఎవరినీ గుర్తుపట్టే వీలు లేదు.

నా పని చిన్న చిన్న అమ్మకందారుల సరుకు ఆన్‌లైన్‌లో పెట్టించడం, ఆ తర్వాత అకౌంట్ చూసుకోవడం. ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. చెనక్కాయ చిక్కీలు, కొర్రలు, సామలు, ధర్మవరం చీరలు, ఇలాంటివే ఎక్కువగా వస్తాయి.

నేపథ్యం

భర్తకు నాలుగెకరాల మెట్ట ఉంది. వానలు ముఖం చాటేసి వరసగా రెండేళ్లు చెనక్కాయ పంట పోతే, బ్యాంకు లోను తీసుకుని మోటారుతో తిరిగే చెక్క గానుగ పెట్టుకున్నారు. నూనె నిజంగా మంచిది, నేను మా ఇంట్లో వాడి చెబుతున్నాను. కానీ లీటరు నూనె తీయాలంటే సుమారు రెండున్నర కేజీల చెనక్కాయ పప్పు కావాలి. నూనె తీశాక మిగిలే పిండి చెక్క అమ్ముకున్నా లీటరు 460 రూపాయలకు తక్కువ అమ్మితే గిట్టదు. ప్యాకెట్ నూనె అందులో సగం ధరకే దొరుకుతుంది. ఊళ్లో అయితే ఈ తేడా గురించి ఎవరూ అడగరు. గానుగ దగ్గరికొచ్చి నిలబడతారు, పప్పు చూస్తారు, కారుతున్న నూనెని వేలితో తీసి వాసన చూస్తారు, క్యాను నింపుకుని పోతారు. ఢిల్లీలోనో పుణెలోనో ఫోన్ చూస్తున్న మనిషికి గానుగ కనపడదు, వాసన రాదు. అతనికి కనపడేది ఒక ఫోటో, ఒక ధర, కింద నక్షత్రాలు. కాబట్టి రివ్యూల కోసం వీళ్లు పడిన తపనను నేను తప్పుపట్టను. ఆ తపన న్యాయమైందే, పట్టిన దారి తప్పు.

మొదటి ఐదు నెలల్లో వాళ్లకొచ్చిన రివ్యూలు తొమ్మిది. అప్పుడు వాట్సాప్‌లో ఒక ఏజెంట్ తగిలాడు.

నా దగ్గరికి ఏ సమస్యతో వచ్చారు

మార్కెట్‌ప్లేస్ వాళ్లు అకౌంట్ ఆపేశామని మెయిల్ పెట్టారు, లక్షా ఎనభై వేల దాకా డబ్బు లోపల ఆగిపోయింది, లోను కంతు దగ్గరపడింది. ఫోన్, లిస్టింగ్, ఆర్డర్లు అన్నీ భార్యే చూస్తుంది. ఆ మెయిల్ ప్రింటు తీసుకుని ఫైలుతో వచ్చి కూర్చుంది. ఆమె మొదట అడిగింది ఇది: "అన్నా, మేం కల్తీ ఏమన్నా చేసినామా? నూనె మంచిదే కదా. మంచిదాన్ని మంచిదని రాయించుకుంటే తప్పేముంది?"

జవాబు చెప్పకముందు ఒక పెట్టె తెప్పించి విప్పాను. లోపల సీసాతో పాటు రంగు కార్డు ఉంది. ఐదు నక్షత్రాల రివ్యూ పెట్టి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే అర లీటరు నూనె ఉచితం అని అచ్చువేశారు. ఒక కస్టమర్ ఆ కార్డునే ఫోటో తీసి, వీళ్లు రివ్యూలు కొంటున్నారని రాసి, ఒక్క నక్షత్రం ఇచ్చి పెట్టాడు. అకౌంట్ ఆగింది ఆ తర్వాత పది రోజులకే. ఆ ఫోటో వల్లే ఆగిందో కాదో నేను చెప్పలేను గానీ, ఆ ఫోటో ఉన్నంత కాలం మేం ఏం రాసినా దానికి సరిపోలాలి.

కార్డు చిన్న సంగతని, పెద్దది వేరే ఉందని తెలిసేసరికి సాయంత్రం అయింది. ఏజెంట్ పని ఇలా నడిచింది. టెలిగ్రామ్ గ్రూపులో మీడియేటర్లు ఉంటారు, ఫలానా నూనెకి ఇవాళ ఇన్ని స్లాట్లు అని పెడతారు. చేరినవాళ్లు లింకు నొక్కకూడదు, నూనె అని వెతికి, కిందికి జరుపుకుంటూ పోయి, పక్కనున్న రెండు మూడు బ్రాండ్లు కూడా తెరిచి చూసి, అప్పుడు ఈ సీసా కొనాలి. సొంత డబ్బే కట్టాలి. సరుకు అందిన కొన్ని రోజులకు ఐదు నక్షత్రాలు పెట్టి, ఆర్డర్ నంబర్‌తో సహా రిఫండ్ ఫామ్ నింపాలి. తర్వాత యూపీఐలో డబ్బు తిరిగొస్తుంది, సీసా ఊరికే మిగులుతుంది. చూసేవాళ్లకు ఇది నిజమైన కొనుగోలు, పక్కన వెరిఫైడ్ అని కూడా పడుతుంది. రిఫండ్ల కోసం వీళ్లు ఏజెంట్‌కి ముందుగానే డబ్బు వేసి ఉంచారు.

ఆమె ముందే కూర్చుని లెక్క వేశాను. తిరిగిచ్చేది 460, మార్కెట్‌ప్లేస్ ఫీజులూ రవాణా పోను వీళ్ల చేతికొచ్చేది 380, అంటే అక్కడ 80 పోయింది. నూనె, సీసా, ప్యాకింగ్ ఖర్చు 370. ఏజెంట్ కమిషన్ 120. ఒక్కో రివ్యూకి 570 రూపాయలు. అలాంటివి 140. దాదాపు 80 వేలు. ఆమె కాగితం వైపు చాలాసేపు చూసి, "ఇంత అయిందని మాకు తెలీదన్నా, కొంచెం కొంచెం పోయింది కదా" అంది. పెట్టుబడి వడ్డీకి తెచ్చినవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ఇప్పుడు ఏ కేసులోనైనా నీతి, చట్టం కంటే ముందు ఈ లెక్క వేసి చూపిస్తాను.

అప్పటికే చేసిన ప్రయత్నాలు

నా దగ్గరికి రాకముందు రెండు అప్పీళ్లు పెట్టారు. మొదటిది ఎవరో డబ్బు తీసుకుని రాసిచ్చింది: మేం ఏ తప్పూ చేయలేదు, పోటీదారులే మా మీద కుట్ర చేశారు అని. తిరస్కరించారు. రెండోది, ప్యాకింగ్ కుర్రాడు మాకు తెలియకుండా కార్డులు వేశాడని. కార్డు మీద ఆమె సొంత వాట్సాప్ నంబరే ఉంది. అదీ పోయింది. ఆ కుర్రాడి పేరు కూడా అందులో రాశారని తెలిసి నాకు చాలా బాధనిపించింది. నెలకు తొమ్మిది వేల జీతానికి పనిచేసే పిల్లోడు. తర్వాతి లేఖలో మొట్టమొదటి వాక్యంగా ఆ మాట వెనక్కి తీసుకోమన్నాను. అది కుదరకపోతే ఈ కేసు తీసుకోనని చెప్పాను.

భర్త ఇంకో దారి అన్నాడు, బామ్మర్ది పేరు మీద కొత్త అకౌంట్ తెరుద్దామని. చాలామందికి మొదట తట్టేది ఇదే. వద్దన్నాను. గానుగ అదే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ అడ్రస్ అదే, సరుకు తీసుకెళ్లే చోటు అదే, ఫోన్లు అవే. రెండు అకౌంట్లకీ సంబంధం ఉందని తేలితే రెండోదీ పోతుంది, అప్పుడు చెప్పుకోడానికి నిజం కూడా మిగలదు. పైగా బామ్మర్ది ఇరుక్కుంటాడు.

అసలు చర్చ ఏజెంట్ ఆర్డర్ల దగ్గర జరిగింది. కార్డు సంగతి ఎలాగూ బయటపడింది, దాన్ని ఒప్పుకుందాం, ఏజెంట్ గురించి మనమే చెప్పి ఉరి ఎందుకు బిగించుకోవాలి అన్నాడు భర్త. ఆయన భయం అర్థమైంది. రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల్లో అయితే, అమ్మేవాడు తనే వినియోగదారుడినని చెప్పుకుని రివ్యూలు పెట్టకూడదని నేరుగా ఉంది. అందుకే నేను ఒక్కడినే నిర్ణయించలేదు, తెలిసిన లాయర్ దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఆయనతో మాట్లాడాక నాకు తేలింది ఏమిటంటే, ఆర్డర్ల వివరాలన్నీ మార్కెట్‌ప్లేస్ దగ్గరే ఉన్నాయి, మనం దాచేది వాళ్లకు తెలియనిది కాకపోవచ్చు, దాచామన్న సంగతి మాత్రం కొత్తగా తెలుస్తుంది.

ఆమె మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే చెప్పుకున్నాం. "సంతలో బెల్లం ముక్క రుచి చూపించి అమ్ముతారు, అది తప్పా?" అని భర్త అడిగాడు. తప్పు కాదు. ముక్క తిన్నవాడు తన కోసం తను తేల్చుకుంటాడు. వాడు పక్కవాడితో భలే ఉందని చెప్పినా, చేతిలో ఊరికే వచ్చిన బెల్లం ముక్క పక్కవాడికి కనిపిస్తూనే ఉంటుంది. ఢిల్లీలో రివ్యూ చదివే మనిషికి ఆ ముక్క కనపడదు. నూనె మంచిదా కాదా అన్నది వేరే విషయం, రాసిన చెయ్యి ఎవరిదో దాచిపెట్టడమే మోసం. ఒకప్పుడు ఉచితంగా తీసుకున్నానని చెప్పి రాస్తే చాలన్న పద్ధతి ఉండేది. అమెజాన్ 2016 అక్టోబర్‌లో దాన్ని కూడా ఆపేసింది, పుస్తకాలు, తనే ఎంచుకున్నవాళ్లకు వస్తువులు ఉచితంగా పంపి రివ్యూ రాయించే సొంత వైన్ (Vine) కార్యక్రమం మినహా. వైన్‌లో వస్తువు ఎవరికి వెళ్లాలో అమ్మేవాడు ఎంచుకోలేడు, ఏం రాయాలో చెప్పలేడు. అమెరికా ప్రభుత్వం ఫలానా విధంగా రాయాలని షరతు పెట్టి రివ్యూలు కొనడాన్ని 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన నియమంతో నిషేధించింది. మన దగ్గర 2022 నవంబర్‌లో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కొన్న రివ్యూలు ప్రచురించకూడదంటుంది, అయితే వచ్చినప్పుడు దాన్ని పాటించడం స్వచ్ఛందంగానే ఉంచారు.

నా ప్రయత్నం ఎందుకు విఫలమైంది

మూడో లేఖ నేను రాశాను. కార్డు గురించి, ఏజెంట్ గురించి మొత్తం ఒప్పుకున్నాం, కుర్రాడి మీద వేసిన నింద వెనక్కి తీసుకున్నాం. నాకు గట్టి నమ్మకం ఉండింది. వివరాలు అసంపూర్తిగా ఉన్నాయంటూ అదీ తిరిగొచ్చింది.

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని మళ్లీ మొదటి నుంచి అడిగాను, ఆ తొమ్మిది రివ్యూలు ఎవరివి అని. ఆమె మామూలుగానే చెప్పింది, రెండు మా అక్కవి, బెంగళూరులో మా మరిదిది ఒకటి, హైదరాబాద్‌లో చిన్నమ్మ కొడుకుది... ఆ తర్వాత కూడా చుట్టాలు పెడుతూనే ఉన్నారు, అన్నీ కలిపి 19. వాళ్లు డబ్బు తీసుకోలేదు, నూనె నిజంగానే కొని వాడారు. అందుకే ఆమె దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే నా మనసులో కూడా అది తప్పు కిందికి రాలేదు. మన వైపు కొత్త అంగడి తెరిస్తే చుట్టాలొచ్చి బోణీ చేయడం మర్యాద, రాకపోతేనే తప్పు. కానీ అక్క రాసిన రివ్యూలో నేను ఆమె అక్కనని లేదు. చదివేవాడికి ఆమె కూడా తనలాంటి కొనుగోలుదారే. ఈ తప్పు పూర్తిగా నాది, దానివల్ల వాళ్లకు ఇంకో మూడు వారాలు పోయాయి.

ఏం పనిచేసింది

నాలుగోసారి లేఖ కంటే ముందు పట్టిక తయారుచేశాం. ఏజెంట్ పంపిన షీట్లు, కార్డు కోసం వచ్చిన వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాం. ప్రతి ఆర్డర్ నంబర్ ఎదురుగా ఏజెంట్, కార్డు, చుట్టం, ఏదీ కాదు, ఇలా నాలుగు రకాలుగా గుర్తుపెట్టాం. 250 రివ్యూల్లో ఏజెంట్‌వి 140, కార్డువి 50, చుట్టాలవి 19. మిగిలినవి 41.

లేఖ ఒక పేజీ దాటలేదు. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఎప్పుడు ఆపాం, ఈ 209 రివ్యూలు తీసేయమని మేమే అడుగుతున్నాం, ఇంతే. ఏడుపు రాయనివ్వలేదు. పిల్లల ఫీజులు, లోను గురించి ఆమె ఒక పేరా రాసుకొచ్చింది, అది నిజమే, చదివితే కళ్లు తడుస్తాయి. అయినా తీసేయించాను. చదివేవాళ్లకి తేల్చుకోవాల్సింది మనం మళ్లీ చేస్తామా లేదా అని, దానికి ఆ పేరా జవాబు కాదు. మిగిలిన కార్డులు చింపి ఫోటోలు జతచేశాం, ఏజెంట్‌కి ఇక ఆర్డర్లు వద్దని పంపిన మెసేజ్ కూడా. వాడు ఒక్క నక్షత్రం రివ్యూలు కుమ్మరిస్తానని బెదిరిస్తూ పంపిన జవాబు కూడా పెట్టాం, తర్వాత అలాంటివి వచ్చినప్పుడు అదే అక్కరకొచ్చింది.

పద్దెనిమిది రోజులకు అకౌంట్ తెరిచారు. మరుసటి వారం రివ్యూలు మాయమయ్యాయి. 4.7 కాస్తా 3.3 అయింది.

ఆ రోజు భర్త ఫోన్ చేసి, "అన్నా, అకౌంట్ వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే" అన్నాడు. వెంటనే బయల్దేరి వెళ్లాను. గానుగ షెడ్డులో కూర్చుని, మిగిలిన 41 రివ్యూలు ఒక్కొక్కటే గట్టిగా చదివాం. హిందీవి, ఇంగ్లీషువి నేను తెలుగులో చెప్పాను. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన రెండు గంటలు అవి. పదకొండు మంది సీసా కారిందని రాశారు. ఏడుగురు అడుగున మడ్డి ఉందని రాశారు. ఐదుగురు, అందరూ ఉత్తరాది వాళ్లే, చలికాలంలో నూనె గడ్డకట్టింది, కల్తీ అని రాశారు. ఇవేవీ ఈ దంపతులు అంతకుముందు చదవలేదు. 4.7 ఉన్నప్పుడు ఎవరు కిందికి పోయి చదువుతారు? కారిందన్న మొదటి ఫిర్యాదు పది నెలల కిందటిది.

మడ్డి సంగతి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. గానుగ నూనెని డ్రమ్ముల్లో మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన తేట మిగులుతుంది. మొదట్లో వాళ్లు అలాగే చేసేవాళ్లు. ఏజెంట్ ఆర్డర్లతో లిస్టింగ్ పైకొచ్చి నిజమైన ఆర్డర్లు పెరిగాక, తేరుకునే టైమ్ లేక మర్నాడే నింపడం మొదలుపెట్టారు. కొన్న రివ్యూలు తెచ్చిన గిరాకీయే నూనెని చెడగొట్టింది, ఆ చెడిన నూనె గురించి జనం రాసింది ఆ రివ్యూల కిందే పూడిపోయింది.

ఒక్కోదానికీ మందు దొరికింది. మూత కింద వేడితో అతుక్కునే ఫాయిల్ సీలు వేసే చిన్న మిషన్ కొన్నారు, ఏజెంట్‌కి పోసిన దాంట్లో సగం కూడా కాలేదు. ప్రతి బ్యాచ్‌లో పది సీసాలు రాత్రంతా పాత న్యూస్‌పేపరు మీద తలకిందులుగా పెడతారు, పొద్దున కాగితం మీద మరక ఉంటే ఆ బ్యాచ్ బయటికి పోదు. డ్రమ్ములు ఇంకో మూడు తెచ్చారు, నాలుగు రోజులు నిండందే నింపడం లేదు. చలికి చిక్కబడటం చెనక్కాయ నూనెకు సహజం, అది కల్తీ కాదు, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే మళ్లీ తేటపడుతుంది. ఆ మాట లేబుల్ మీద, లిస్టింగ్‌లో రెండో ఫోటోలో పెట్టాం. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే అదే మొదటి వాక్యం.

కార్డు ఇప్పటికీ ఉంది. దాని మీద ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబర్ తప్ప ఇంకేమీ లేదు. రివ్యూ అడగాలంటే మార్కెట్‌ప్లేస్ ఇచ్చిన బటన్ నొక్కడమే, అదీ అందరికీ. సంతోషంగా ఫోన్ చేసినవాళ్లకు మాత్రమే నొక్కుతానంది ఆమె, వద్దన్నాను. ఏరుకోవడం మొదలైతే మళ్లీ పాత దారే.

ఇంకో చిక్కు ఉంది. ఏజెంట్ పదిహేడు మందికి రిఫండ్ ఎగ్గొట్టాడు, వీళ్లు ముందుగా వేసిన డబ్బులో 25 వేలతో మాయమయ్యాడు. ఆ పదిహేడు మందిలో కొందరు లేబుల్ మీద నంబర్ చూసి ఫోన్ చేశారు. కర్నూలు వైపు డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు, హాస్టల్ ఖర్చుల డబ్బులు పెట్టానక్కా అని ఏడ్చాడట. ఇవ్వాలా వద్దా? ఇస్తే పాత బేరం పూర్తి చేసినట్టవుతుంది, రివ్యూ తీసేస్తేనే ఇస్తాం అన్నా అదీ ఇంకో బేరమే. ఇవ్వకపోతే మన సీసా వల్ల పేదపిల్లలు నష్టపోతారు. ఆ రివ్యూల్ని మార్కెట్‌ప్లేస్ తీసేసేదాకా ఆగమన్నాను. తీసేశాక ఆ డబ్బుకీ ఏ రివ్యూకీ ముడి లేదు, అప్పుడు పదిహేడు మందికీ ఇచ్చేశారు, ఇస్తున్నట్టు మార్కెట్‌ప్లేస్‌కి రాసి మరీ. 25 వేల కోసం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టించాను, ఎందుకు ఇచ్చారని పోలీసులు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమన్నాను, చెప్పారు. ఆ డబ్బు రాలేదు.

నా పనిలో ఏం మారింది

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా అకౌంట్ కంటే ముందు ప్యాక్ చేసిన పెట్టె ఒకటి తెమ్మంటాను. ఆరు నెలల యూపీఐ లావాదేవీలు చూపించమంటాను. చుట్టాల రివ్యూల గురించి నేరుగా, తప్పుపట్టే గొంతు లేకుండా అడుగుతాను, ఎందుకంటే తప్పని అనుకోనిది ఎవరూ తమంతట తాము చెప్పరు. ఇక రేటింగ్ నాలుగున్నర దాటిన అకౌంట్ వస్తే, తక్కువ నక్షత్రాల రివ్యూలన్నీ యజమానితోనే గట్టిగా చదివిస్తాను. ఊరికే నూనె ఇచ్చుకోవాలనుకుంటే సంతలో ఇవ్వండి, ఎగ్జిబిషన్‌లో ఇవ్వండి, వంటల వీడియోలు చేసేవాళ్లకు ఇస్తే ఉచితంగా ఇచ్చారని వీడియోలోనే చెప్పించండి, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు అడిగేది అదే.

ఏడాది దాటింది. ఇప్పుడు రివ్యూలు 160 దగ్గర ఉన్నాయి, రేటింగ్ 4.2. అమ్మకం అప్పటి ఊపులో మూడొంతులకు రెండొంతులే ఉంది, తిరిగొచ్చే సీసాలు మాత్రం బాగా తగ్గాయి, లోను కంతులు కడుతున్నారు. అదే సరుకు అమ్మే ఇంకొకరి పెట్టెలో కార్డు వస్తోందని భర్త మొన్న ఫోటో పంపాడు, ఫిర్యాదు చేద్దామా అని. ఆ కార్డు మీద ఉన్నది మన పక్క జిల్లా నంబరు. ముందు ఫోన్ చేసి ఏం జరిగిందో మీరే చెప్పండి అన్నాను. ఆదివారం ఆమె చేసిందట, అవతలామె నలభై నిమిషాలు మాట్లాడి, చివర్లో ఆ ఫాయిల్ మిషన్ ఎక్కడ దొరుకుతుందని అడిగిందట.